సూరి భగవంతం

సూరి భగవంతం (1909 అక్టోబరు 14 - 1989 ఫిబ్రవరి 6) సుప్రసిద్ధ భారతీయ భౌతిక శాస్త్రవేత్త, విద్యావేత్త, పరిపాలనా దక్షుడు. సర్ సి.వి.రామన్ శిష్యులలో అగ్రగణ్యుడు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భౌతికశాస్త్ర ఆచార్యుడిగా, హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ డైరెక్టరుగా, భారత రక్షణ మంత్రికి శాస్త్రీయ సలహాదారుగా పనిచేశాడు.

కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితం, అతిధ్వనులు, స్ఫటిక భౌతికశాస్త్రం ఇతని ముఖ్య పరిశోధనా రంగాలు. ఒక స్ఫటికాన్ని నొక్కినపుడు గాని సాగదీసినపుడు గాని దాని కాంతి, విద్యుత్, స్థితిస్థాపక గుణాలలో ఏ మార్పులు రాగలవు, ఏవి రాలేవు, వాటిని వర్ణించటానికి ఎన్ని గుణకాలు కావాలి అనే ప్రశ్నలకు స్ఫటిక సౌష్ఠవాన్ని ఆధారం చేసుకొని సమాధానం చెప్పటంలో భగవంతం కృషి ప్రత్యేకమైనది. ఈ విషయంలో యాభై ఏళ్ళుగా ప్రమాణంగా చెలామణి అయిన ఒక లెక్కలోని పొరపాటును ఇతడు 1942లో సరిదిద్దాడు.

బాల్యం, విద్యాభ్యాసం

భగవంతం కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించాడు. శోభనాచల క్షేత్రంగా పేరొందిన ఈ గ్రామం నూజివీడుకు సమీపంలో ఉంది. ఆనాటి కృష్ణా జిల్లా చాలా విశాలమైనది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడేవరకు ఏలూరు పట్టణమూ, కొల్లేరు సరస్సు చుట్టుపట్ల ఉన్న ఊళ్ళూ కృష్ణా జిల్లాలోనే ఉండేవి. 2022 ఏప్రిల్ 4న ఏలూరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినపుడు ఆగిరిపల్లి మండలం అందులో చేరింది. అందుచేత పాత గ్రంథాలలో కృష్ణా జిల్లావాడిగా పేర్కొనబడిన భగవంతం స్వగ్రామం నేడు ఏలూరు జిల్లాలో ఉంది.

ఇతని పాఠశాల విద్య కొల్లేటికి నైరుతి దిక్కున ఉన్న గుడివాడలో జరిగింది. తరువాత హైదరాబాదు వెళ్ళి నిజాం కళాశాలలో బి.ఎస్సీ. చదివాడు. నైజాం రాజ్యంలో ఉన్నప్పటికీ నిజాం కళాశాల ఆ రోజుల్లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. ఎం.ఎస్సీ. పట్టాను కూడా భగవంతం మద్రాసు విశ్వవిద్యాలయం నుండే పొందాడు.

కలకత్తాలో రామన్ వద్ద

1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి.రామన్, కె.ఎస్.కృష్ణన్ రామన్ ఫలితాన్ని కనుగొన్నారు. పారదర్శక పదార్థం గుండా పోయే ఏకవర్ణ కాంతిలో అతి స్వల్ప భాగం తన రంగు మార్చుకొని చెదరిపోతుందనీ, ఆ మార్పు పదార్థంలోని అణువుల కంపనాలను తెలియజేస్తుందనీ ఈ ఆవిష్కరణ సారాంశం. ఆ వార్త దేశమంతటి నుండీ యువకులను కలకత్తాకు రప్పించింది. భగవంతం అదే సంవత్సరం భారతీయ విజ్ఞాన వికాస సంఘం ప్రయోగశాలలో రామన్ వద్ద చేరాడు. అప్పటికి ఇతనికి ఇంకా ఇరవై ఏళ్ళు నిండలేదు.

1929లో నాఫ్తలీను స్ఫటికాల అయస్కాంత గుణాలు దిశను బట్టి మారటాన్ని పరిశీలించి వ్యాసం ప్రకటించాడు. బట్టల పెట్టెల్లో వేసే కలరా ఉండలు ఈ నాఫ్తలీనుతో చేసినవే. ఒకే స్ఫటికం ఒక దిశలో ఒక విధంగా, మరొక దిశలో మరొక విధంగా ఎందుకు ప్రవర్తిస్తుందన్న ప్రశ్న తరువాత నలభై సంవత్సరాల పాటు ఇతని పరిశోధనలకు మూలమైంది. వజ్రం రామన్ వర్ణపటాన్ని 1930లో పరిశీలించిన తొలి పరిశోధకులలో భగవంతం ఒకడు.

1931లో రామన్, భగవంతం కలసి ఫోటాన్ స్పిన్‌కు ప్రయోగపూర్వకమైన సాక్ష్యాన్ని ప్రకటించారు. పరిక్షేపణం చెందిన కాంతి ధ్రువణాన్ని సూక్ష్మంగా కొలిచి, కాంతి కణానికి శక్తితో పాటు ఒక నిర్దిష్టమైన కోణీయ ద్రవ్యవేగం కూడా ఉంటుందని వీరు నిర్ధారించారు. రామన్‌కు నోబెల్ బహుమతి వచ్చిన మరుసటి సంవత్సరమే వెలువడిన ఈ పరిశోధన భగవంతానికి దేశ విదేశాలలో గుర్తింపు తెచ్చింది.

వాల్తేరులో

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో స్థాపించబడింది. జయపూరు మహారాజా విక్రమదేవవర్మ విరాళంతో అక్కడ విజ్ఞానశాస్త్ర కళాశాల ఏర్పడింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతిగా ఉన్న కాలంలో, 1932లో, భగవంతం అక్కడ భౌతికశాస్త్ర అధ్యాపకుడిగా చేరాడు. తరువాత ఆచార్యుడై, కళాశాల ప్రిన్సిపాలు పదవిని కూడా నిర్వహించాడు. కృష్ణా, గోదావరి మండలాల విద్యార్థులు భౌతికశాస్త్రంలో పై చదువులకు మద్రాసో, కలకత్తానో పోవలసిన రోజులవి. భగవంతం వచ్చిన కొద్ది కాలానికే వాల్తేరు పేరు పరిశోధనా పత్రికలలో తరచు కనిపించసాగింది.

1939లో భగవంతం, గణితజ్ఞుడు టి.వెంకటరాయుడుతో కలసి స్ఫటిక నిర్మాణానికీ రామన్ వర్ణపటానికీ గల సంబంధంపై ఒక ముఖ్యమైన వ్యాసం ప్రచురించాడు. స్ఫటికంలో ఒక చిన్న భాగం, అంటే ఏకకం, అన్ని దిశలలో పునరావృతమవుతూ ఉంటుంది. ఆ ఏకకంలోని పరమాణువుల అమరికను గ్రూపు సిద్ధాంతం అనే గణిత పద్ధతితో పరిశీలించి, రామన్ వర్ణపటంలో ఎన్ని గీతలు కనిపించాలో, ఏ కంపనాలు కనిపించకూడదో ముందుగానే చెప్పవచ్చునని వీరు చూపించారు. ఈ పద్ధతికి భగవంతం - వెంకటరాయుడు పద్ధతి అనే పేరు స్థిరపడింది.

1940లో భగవంతం కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితంపై రచించిన గ్రంథాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించింది. తరువాత అమెరికాలో కూడా ఆ గ్రంథం వెలువడింది.

పొకెల్స్ లెక్క - భగవంతం సవరణ

గాజుపలకను నొక్కినపుడు దాని గుండా పోయే కాంతి రెండు కిరణాలుగా విడిపోతుందని డేవిడ్ బ్రూస్టర్ 19వ శతాబ్ది రెండవ దశాబ్దంలో కనుగొన్నాడు. ఒత్తిడి తొలగించగానే ఈ ద్వివక్రీభవనం మాయమవుతుంది. ఒత్తిడి వలన పదార్థంలో కలిగే రూపభేదాన్ని వికృతి అంటారు. వికృతి వలన వక్రీభవన గుణకం మారటాన్ని ప్రకాశ స్థితిస్థాపకత అంటారు. యంత్రభాగాల నమూనాలను పారదర్శక పదార్థంతో చేసి, వాటిలో ఒత్తిడి ఎక్కడ పోగవుతుందో రంగుల చారల ద్వారా చూడటానికి ఇంజనీర్లు ఈ ఫలితాన్నే ఉపయోగించుకున్నారు.

గాజుకు అన్ని దిశలూ సమానమే కనుక దాని విషయంలో లెక్క సులభం. స్ఫటికంలో అలా కాదు. వికృతిని పూర్తిగా వర్ణించటానికి ఆరు సంఖ్యలు కావాలి: మూడు అక్షాల వెంబడి సాగటం, మూడు తలాలలో ఒరగటం. కాంతి గుణాలను వర్ణించటానికి మరో ఆరు సంఖ్యలు కావాలి. మొదటి ఆరింటిలో ప్రతిదీ రెండవ ఆరింటిలో ప్రతిదానినీ మార్చవచ్చును గనుక మొత్తం గుణకాలు 36. స్ఫటికానికి సౌష్ఠవం ఉన్నకొద్దీ వీటిలో కొన్ని సున్నా అవుతాయి, కొన్ని ఒకదానికొకటి సమానమవుతాయి. 32 స్ఫటిక తరగతులలో ఒక్కొక్క దానికి ఎన్ని గుణకాలు మిగులుతాయో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ పొకెల్స్ 19వ శతాబ్ది చివరలో లెక్కకట్టాడు. ఆ పట్టికనే అందరూ ప్రమాణంగా స్వీకరించారు.

భగవంతం అదే లెక్కను గ్రూపు సిద్ధాంతంతో మళ్ళీ చేసి చూశాడు. కొన్ని తరగతుల విషయంలో పొకెల్స్ ఇచ్చిన సంఖ్యలు సరికావని తేలింది. ఇందుకు ఘన వ్యవస్థ మంచి ఉదాహరణ. ఈ వ్యవస్థలో ఐదు తరగతులున్నాయి. ఐదింటికీ మూడేసి గుణకాలు చాలునని పొకెల్స్ భావించాడు. స్థితిస్థాపకత విషయంలో ఐదు తరగతులకూ మూడు గుణకాలే ఉండటం వలన ఈ భావన సహజంగానే తోస్తుంది. అయితే ఈ ఐదింటిలో రెండు తరగతులు భిన్నమైనవి. వాటిలో మూడు అక్షాలను చక్రం తిప్పినట్లు ఒకదాని స్థానంలోకి మరొకదాన్ని తేవచ్చును గాని, రెండింటిని మాత్రమే పరస్పరం మార్చటం కుదరదు. కాబట్టి స్ఫటికాన్ని మొదటి అక్షం వెంట నొక్కినపుడు రెండవ అక్షం దిశలో కలిగే కాంతి మార్పూ, మూడవ అక్షం దిశలో కలిగే మార్పూ సమానంగా ఉండి తీరాలన్న నియమం లేదు. ఆ రెండు తరగతులకు నాలుగు గుణకాలు అవసరం.

స్థితిస్థాపకతలో ఈ తేడా ఎందుకు కనిపించదన్న దానికి కారణం కూడా స్పష్టమే. అక్కడ నిల్వ ఉండే శక్తి నియమం వలన 36 గుణకాలు మొదటే 21కి తగ్గుతాయి. ఆ అదనపు నియమమే నాలుగవ గుణకాన్ని తొలగిస్తుంది. కాంతి విషయంలో అటువంటి నియమం లేదు. స్థితిస్థాపకతను చూసి ప్రకాశ స్థితిస్థాపకతకు అన్వయించటం ఇందుచేతనే పనికిరాదు.

ఈ సవరణ 1942లో భారతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వెలువడింది. నీళ్ళు తేర్చటానికి ఇళ్ళలో వాడే పటిక ఈ నాలుగు గుణకాల తరగతికి చెందినదే. బేరియం నైట్రేట్ కూడా అటువంటిదే. తరువాతి సంవత్సరాలలో డి.సూర్యనారాయణతో కలసి భగవంతం జరిపిన ప్రయోగాలు ఈ లెక్కను సమర్థించాయి. గుణకాల సంఖ్య తప్పయితే కొలతలు ఎంత జాగ్రత్తగా తీసినా ఫలితం తప్పుతుంది. రెండు వేర్వేరు రాశులను ఒకటేనని భ్రమించి సగటు తీయటం జరుగుతుంది. అందువలన ఈ చిన్న సవరణ ప్రయోగశాస్త్రానికి ఎంతో విలువైనది. స్ఫటిక భౌతికశాస్త్ర గ్రంథాలలో నేటి పట్టికలు భగవంతం సవరించిన సంఖ్యలతోనే ఉంటాయి.

యుద్ధకాలంలో గుంటూరు - వజ్రంపై ప్రయోగాలు

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంపై బాంబులు వేశాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించవలసి వచ్చింది. యుద్ధం ముగిసేవరకు భౌతికశాస్త్ర శాఖ అక్కడే పనిచేసింది. విదేశాల నుండి పరికరాలు తెప్పించుకోవటం దాదాపు అసాధ్యమైన ఆ రోజుల్లో భగవంతం, జె.భీమసేనాచార్‌తో కలసి స్ఫటికాల స్థితిస్థాపక గుణకాలను అతిధ్వనులతో కొలిచే పద్ధతిని రూపొందించాడు.

ఈ పద్ధతికి ఆధారం పీజోవిద్యుత్ ధర్మం. క్వార్ట్జ్ వంటి కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటి ముఖాలపై విద్యుదావేశం ఏర్పడుతుంది. వాటికి విద్యుత్ క్షేత్రాన్ని కలిగిస్తే అవి స్వల్పంగా సాగటమో, కుంచించుకోవటమో జరుగుతుంది. పియరీ క్యూరీ, జాక్ క్యూరీ సోదరులు నొక్కిడి వలన విద్యుత్తు పుట్టటాన్ని 1880లో కనుగొన్నారు. క్వార్ట్జ్‌ను చీలమేకు ఆకారంలో, ఒక వైపు మందంగా, మరొక వైపు పలుచగా కోస్తే దాని నుండి అనేక పౌనఃపున్యాల అతిధ్వనులను పుట్టించవచ్చు. వాటిని పరిశీలించదలచిన స్ఫటికపు పలక గుండా పంపి, ఏ పౌనఃపున్యాల వద్ద ధ్వని బాగా దాటిపోతుందో చూసి ధ్వని వేగాన్నీ, దాని నుండి స్థితిస్థాపక గుణకాలనూ గణించవచ్చు.

వజ్రం అన్నింటికన్నా కఠినమైన స్ఫటికమైనప్పటికీ దాని స్థితిస్థాపక గుణకాలు అప్పటికి తెలియవు. పెద్ద ముక్కలు దొరకకపోవటం, ఉన్న ముక్కలను కోరిన దిశలో కోయటం కష్టం కావటం ఇందుకు కారణాలు. చిన్న పలకలతో పనిచేసే ఈ కొత్త పద్ధతి ఆ ఇబ్బందిని తొలగించింది. భగవంతం, భీమసేనాచార్ తమ ఫలితాలను 1944లో క్లుప్తంగానూ, 1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో సమగ్రంగానూ ప్రకటించారు. వజ్రపు మూడు గుణకాలను ప్రయోగం ద్వారా విడివిడిగా నిర్ణయించటం అదే ప్రథమం. 1957లో అమెరికాలో మెక్‌స్కిమిన్, బాండ్ మరింత సూక్ష్మమైన పరికరాలతో కొలిచినపుడు ఈ విలువలను సవరించవలసి వచ్చింది. వీటిలో ఒక గుణకం విషయంలో భేదం పెద్దది: గుంటూరు కొలత 390 గిగాపాస్కల్‌లు కాగా కొత్త కొలత దాదాపు 125 మాత్రమే. పొకెల్స్ లెక్కను భగవంతం సరిదిద్దినట్లే, భగవంతం కొలతను తరువాతివారు సరిదిద్దారు.

1945లో ఏలూరులో స్థాపించబడిన కళాశాలకు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి పేరు పెట్టారు. ఈ సి.ఆర్.రెడ్డి కళాశాల వంటి విద్యాలయాలు పెరగటంతో కొల్లేటి పరిసరాల విద్యార్థులకు విజ్ఞానశాస్త్ర విద్య సొంత ఊళ్ళకు దగ్గరయింది.

లండన్, ఉస్మానియా

1948లో భగవంతం, వెంకటరాయుడు గ్రూపు సిద్ధాంతాన్ని భౌతికశాస్త్ర సమస్యలకు అన్వయించే పద్ధతిపై ఒక గ్రంథాన్ని వెలువరించారు. అదే సంవత్సరం భగవంతం లండన్‌లోని భారత హైకమిషన్‌లో శాస్త్రీయ సంబంధాల అధికారిగా నియమించబడి 1949 వరకు ఆ బాధ్యత నిర్వహించాడు.

తిరిగి వచ్చిన తరువాత హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడిగా చేరాడు. 1949లోనే సూర్యనారాయణతో కలసి స్ఫటిక సౌష్ఠవం, భౌతిక ధర్మాలపై గ్రూపు సిద్ధాంతాన్ని ప్రయోగించే విధానాన్ని ఒక అంతర్జాతీయ స్ఫటికశాస్త్ర పత్రికలో వివరించాడు. ప్రకాశ స్థితిస్థాపకతకు చేసిన లెక్కనే స్థితిస్థాపకత, పీజోవిద్యుత్తు మొదలైన అన్ని ధర్మాలకూ ఒకే సూత్రంతో చేయవచ్చునని ఈ వ్యాసం చూపింది.

1952లో ఉస్మానియా ఉపకులపతి అయి 1957 వరకు ఆ పదవిలో ఉన్నాడు. హైదరాబాదు రాష్ట్రం భారత యూనియన్‌లో చేరి నాలుగేళ్ళయిన సమయమది. ఉర్దూ మాధ్యమం నుండి విశ్వవిద్యాలయం మారుతున్న కాలం కూడా అదే. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణ ఇతని పదవీకాలంలోనే జరిగింది. స్ఫటిక భౌతికశాస్త్రం, అతిధ్వనులపై పరిశోధన ఉస్మానియాలో ఇతని తరువాత కూడా కొనసాగింది. అక్కడి ఆచార్యుడు టి.ఎస్.నరసింహమూర్తి స్ఫటికాల ప్రకాశ స్థితిస్థాపక, విద్యుత్ కాంతి ధర్మాలపై రచించిన బృహద్గ్రంథం 1981లో వెలువడింది.

బెంగుళూరు, రక్షణ పరిశోధన

1957లో భగవంతం బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా వెళ్ళాడు. 1933 నుండి 1937 వరకు ఇతని గురువు రామన్ నిర్వహించిన పదవి అది. ఇతని తరువాత ఆ స్థానంలోకి సతీష్ ధావన్ వచ్చాడు.

1958లో రక్షణ పరిశోధన అభివృద్ధి సంస్థ ఏర్పడింది. రక్షణ మంత్రికి తొలి శాస్త్రీయ సలహాదారైన డి.ఎస్.కొఠారీ 1961లో తప్పుకొన్న తరువాత భగవంతం ఆ స్థానంలో నియమితుడయ్యాడు. 1969 వరకు పనిచేశాడు. 1962లో చైనాతోనూ, 1965లో పాకిస్తాన్‌తోనూ యుద్ధాలు జరిగిన కాలమది. ఆయుధాలు, ఎలక్ట్రానిక్ పరికరాలు, ప్రత్యేక లోహాల కోసం ఇతర దేశాలపై ఆధారపడటంలోని ప్రమాదం అందరికీ తెలిసి వచ్చింది. ఎలక్ట్రానిక్స్, లోహశాస్త్రం, క్షిపణి రంగాలలో రక్షణ ప్రయోగశాలలు హైదరాబాదులో నెలకొన్నది 1960ల తొలి సంవత్సరాలలోనే.

పరిపాలనా బాధ్యతలు పెరిగినా భగవంతం స్ఫటిక భౌతికశాస్త్రాన్ని విడిచిపెట్టలేదు. పి.వి.పంతులుతో కలసి అయస్కాంత స్ఫటికాల సౌష్ఠవంపై వ్యాసాలు వ్రాశాడు. రక్షణ సలహాదారుగా ఉన్న కాలంలోనే, 1966లో, స్ఫటిక సౌష్ఠవం, భౌతిక ధర్మాలపై ఇతని గ్రంథం వెలువడింది. మూడు దశాబ్దాల కృషిని ఒకచోట చేర్చిన గ్రంథమిది.

ఫెర్రోఎలక్ట్రిక్ పదార్థాలు, పలుచని పొరలు

భగవంతం కృషి ప్రయోజనం ఫెర్రోఎలక్ట్రిక్ పదార్థాల విషయంలో బాగా తెలుస్తుంది. 32 స్ఫటిక తరగతులలో 20 తరగతులకు మాత్రమే పీజోవిద్యుత్ ధర్మం ఉండగలదు. వాటిలో 10 తరగతులకు, బయటి క్షేత్రం లేకపోయినా తమంతట తాముగా విద్యుత్ ధ్రువణం ఉండగలదు. ఆ ధ్రువణాన్ని విద్యుత్ క్షేత్రంతో వెనుకకు తిప్పగలిగితే ఆ పదార్థాన్ని ఫెర్రోఎలక్ట్రిక్ అంటారు. జోసెఫ్ వాలసెక్ 1920 - 21 కాలంలో రోషెల్ లవణంలో ఈ ధర్మాన్ని కనుగొన్నాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బేరియం టైటనేట్‌లో ఇదే ధర్మం బయటపడింది.

బేరియం టైటనేట్ సుమారు 120 డిగ్రీల సెల్సియస్ పైన ఘనాకార జాలకంతో ఉంటుంది. అప్పుడు ధ్రువణం ఉండదు. చల్లబడినపుడు జాలకం ఒక అక్షం వెంట కొద్దిగా సాగుతుంది, ఆ దిశలో ధ్రువణం ఏర్పడుతుంది. అంటే ధ్రువణమూ వికృతీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. అందువలన వికృతిని బయటి నుండి కలిగిస్తే ధ్రువణాన్ని మార్చవచ్చునన్న ఆలోచన కలుగుతుంది. కాని పెద్ద స్ఫటికాన్ని ఒక శాతం మేరకు సాగదీసేలోపే అది పగిలిపోతుంది.

పలుచని పొరలకు ఈ చిక్కు లేదు. కొద్ది వందల పరమాణువుల మందం గల పొరను వేరొక స్ఫటికపు పలకపై పెంచినపుడు, పైపొరలోని పరమాణువులు కింది పలకలోని పరమాణువుల వరుసలకు సర్దుకొంటాయి. కింది జాలకం చిన్నదైతే పొర పక్కలకు నొక్కబడి నిలువునా పొడవవుతుంది. పెద్దదైతే పక్కలకు సాగుతుంది. నొక్కబడిన పొరలో ధ్రువణం నిలువు దిశకూ, సాగిన పొరలో పొర తలానికీ మొగ్గుతుంది. పొర ఘనాకార సౌష్ఠవాన్ని కోల్పోతుంది గనుక దాని గుణకాల లెక్క కూడా మారుతుంది. ఏ వికృతి వద్ద, ఏ ఉష్ణోగ్రత వద్ద ఏ స్థితి ఏర్పడుతుందో పెర్ట్‌సెవ్, జెంబిల్గొటొవ్, టగాన్‌ట్సెవ్ 1998లో సిద్ధాంతపరంగా పటం గీశారు.

2004లో రెండు ప్రయోగాలు దీనిని రుజువు చేశాయి. స్ట్రాన్షియం టైటనేట్ మామూలుగా పరమశూన్యం దాకా చల్లబరచినా ఫెర్రోఎలక్ట్రిక్ కాదు. డిస్ప్రోసియం స్కాండేట్ పలకపై పెంచి సుమారు ఒక శాతం సాగదీసినపుడు అది గది ఉష్ణోగ్రత వద్దే ఫెర్రోఎలక్ట్రిక్ అయింది. నొక్కబడిన బేరియం టైటనేట్ పొరలలో ధ్రువణం నశించే ఉష్ణోగ్రత దాదాపు 500 డిగ్రీలు పెరిగింది. నిలిచి ఉండే ధ్రువణం కూడా మామూలు స్ఫటికం కన్నా చాలా ఎక్కువయింది. విద్యుత్తు ఆపివేసినా సమాచారాన్ని నిలుపుకొనే జ్ఞాపక పరికరాలకు, సూక్ష్మ సంవేదకాలకు ఈ ఫలితాలు ముఖ్యమైనవి.

ఇంత పలుచని పొరలలో ధ్రువణం ఉన్నదో లేదో తెలుసుకోవటం కష్టం. 2006లో అతినీలలోహిత రామన్ వర్ణపటంతో బేరియం టైటనేట్ అతిసూక్ష్మ పొరలను పరీక్షించారు. ఘనాకారంలో ఉన్న ఈ జాలకంలో ప్రతి పరమాణువూ సౌష్ఠవ కేంద్రంలో ఉంటుంది కనుక మొదటి శ్రేణి రామన్ గీతలు కనిపించవు. ధ్రువణం ఏర్పడినపుడు ఆ కేంద్రం చెదరి గీతలు కనిపిస్తాయి. ఏ గీతలు కనిపించాలి, ఏవి కనిపించకూడదు అన్నది 1939లో భగవంతం, వెంకటరాయుడు వేసుకున్న ప్రశ్నే. పలుచని పొరలపై భగవంతం స్వయంగా పనిచేయలేదు. ఆ ప్రయోగాలు ఇతని మరణానంతరం జరిగినవి. అయితే వికృతి చెందిన స్ఫటికంలో ఏది సాధ్యమో ముందుగా సౌష్ఠవాన్ని అడిగి తెలుసుకొనే పద్ధతి ఇతడు స్థిరపరచినవాటిలో ఒకటి. ఆగిరిపల్లికి తూర్పున, తాడేపల్లిగూడెంలో 2015లో ఏర్పడిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వంటి చోట్ల చదివే నేటి విద్యార్థులకు ఈ లెక్కలు పాఠ్యాంశాలు.

చివరి సంవత్సరాలు

రక్షణ శాఖ నుండి తప్పుకొన్న తరువాత భగవంతం వర్ధమాన దేశాల శాస్త్ర సాంకేతిక విషయాలకై అంతర్జాతీయ శాస్త్రీయ సంఘాల మండలి ఏర్పరచిన కోస్టెడ్ అనే సంఘంలో పనిచేశాడు. ఇతడు సత్యసాయిబాబా భక్తుడు. బాబా తెలుగు ప్రసంగాలను సభలలో అప్పటికప్పుడు ఆంగ్లంలోకి అనువదించేవాడు. శాస్త్రవేత్తకు ఇటువంటి విశ్వాసం తగునా అన్న వాదోపవాదాలు 1970లలో ఇతని విషయమై జరిగాయి.

1989 ఫిబ్రవరి 6న భగవంతం మరణించాడు.

గ్రంథాలు

భగవంతం ముఖ్య గ్రంథాలు ఆంగ్లంలో ఉన్నాయి.

- కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితం (1940): పరిక్షేపణ సిద్ధాంతం, ప్రయోగ పద్ధతులు, అణు నిర్మాణానికి వాటి అన్వయం.
- గ్రూపు సిద్ధాంతం, భౌతికశాస్త్ర సమస్యలకు దాని అన్వయం (1948, టి.వెంకటరాయుడుతో కలసి): భౌతికశాస్త్ర విద్యార్థులకు గ్రూపు సిద్ధాంతాన్ని మొదటి నుండి బోధించే పాఠ్యగ్రంథం.
- స్ఫటిక సౌష్ఠవం, భౌతిక ధర్మాలు (1966): 32 స్ఫటిక తరగతులలో స్థితిస్థాపక, పీజోవిద్యుత్, ప్రకాశ స్థితిస్థాపక, అయస్కాంత ధర్మాల గుణకాలను ఒకే పద్ధతిలో గణించే గ్రంథం.